ఉస్కో అన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పలుగు, పార, కొడవలితో పాటు ఒక మాట కూడా పని వస్తువుగా ఉండేది. ఆ మాట ఉస్కో. ములకలపల్లి దాటాక అడవిని ఆనుకుని ఉన్న పల్లె మాది. మక్కజొన్న చేలో అడవిపందులు పడ్డా, కోతుల మంద దిగినా మా నాయన మంచె మీద లేచి నిలబడి ఆ ఒక్క మాట అనేవాడు. వెంటనే మా కుక్క నల్లిగాడు చేలోకి దూకేవాడు. ఇక చేలో పందికి గానీ కోతికి గానీ చోటుండేది కాదు.

ఇంట్లో ఇంకో జీవం పిల్లి. అది మా మేనత్తది. మేనత్త అంటే మా నాయనకు అక్క. మామ పోయాక ఒక ట్రంకుపెట్టె, ఈ బూడిద రంగు పిల్లి పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. పిల్లికి పేరు పెట్టలేదేమని ఎవరైనా అడిగితే, పిలిస్తే వచ్చేదానికి కదా పేరు, దీనికి పెట్టడం దండగ అనేది. పేరు లేకపోయినా పని ఉండేది. విత్తనాల గంపల దగ్గరికి ఎలుకను రానిచ్చేది కాదు.

కుక్కకు వాకిలి, పిల్లికి వంటిల్లు, నడుమ గడప సరిహద్దు. ఇద్దరికీ ఆ ఒప్పందం ఎవరు రాసిచ్చారో తెలియదు గానీ ఏళ్ల తరబడి తగాదా లేకుండా నడిచింది. దాన్ని చెడగొట్టినవాణ్ని నేను.

బడి నన్ను వదిలిందో, నేనే బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు. మొత్తానికి నాకు అబ్బిన విద్య ఒక్కటే, నలుగురిని నవ్వించడం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా ఈడు పిల్లలందరూ మా పందిరి కింద చేరారు. చెప్పిన జోకులే ఎన్నిసార్లు చెబుతాం? వాళ్లకు విసుగు పుడుతోందని నాకు అర్థమైంది. అంతలో పిల్లి రోలు మీద కూర్చుని ఒళ్లు నాక్కుంటూ కనబడింది. నేను మా నాయన గొంతు తెచ్చుకుని ఉస్కో అన్నాను.

నల్లిగాడు లేచి ముందు నన్ను చూశాడు. పంది ఎక్కడ అని వాడి అనుమానం. నేను వేలితో పిల్లిని చూపించాను. వాడు దూకాడు. పిల్లి ఒళ్లంతా గుండుసూదుల్లా చేసుకుని పందిరి ఎక్కింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు కల్లు కన్నా ఎక్కువ ఎక్కింది. మర్నాడు వాళ్లే వచ్చి ఆట పెట్టమన్నారు. పెట్టాను. ఆ తర్వాత అడక్కుండానే పెట్టాను.

కొన్నాళ్లకు ఆ ఆట నా చేతిలో లేకుండా పోయింది. నేను నోరు మెదపకపోయినా పిల్లి గడప దగ్గరికి వస్తే కుక్క గుర్రుమనేది. కుక్క నిద్రలో ఉన్నా సరే పిల్లి ముందుగా వెళ్లి మూతి గీరి వచ్చేది. పిల్లి చెవి చీలింది. నల్లిగాడి కంటి కింద గాటు పడింది. మా నాయన పొద్దున పోతే మళ్లీ పొద్దుగూకే దాకా బీడీల తునికాకు కల్లం దగ్గరే ఉండేవాడు కనుక ఆయనకు ఇదేమీ తెలియదు. అత్తకు మాత్రం తెలుసు. ఒకటి రెండుసార్లు, "అల్లుడా, నీ నోటికి తాళం లేదా, తాళంచెవి పోయిందా?" అంది. దానికీ నేను నవ్వాను.

ఒకరోజు అత్త వాకిట్లో కూర్చుని పచ్చడికి మామిడికాయలు కొడుతోంది. పిల్లి ఆమె పక్కనే గంజి తాగుతోంది. గోడ అవతల నా జనం ఎదురుచూస్తున్నారు. నేను ఆ మాట అన్నాను. ఈసారి పిల్లికి పందిరి అందలేదు. రెండూ కలిసి ఒక్క ముద్దలా దొర్లాయి. పిల్లిని లాగుదామని అత్త ఆ దొర్లాటలో చెయ్యి పెట్టింది. నల్లిగాడి పన్ను ఆమె అరచేతిలో దిగింది.

గోడ అవతల నవ్వు ఆగిపోయింది. తొంగి చూస్తే ఒక్కడూ లేడు.

మా నాయన కబురు అంది పరిగెత్తుకొచ్చాడు. వచ్చీ రాగానే పలుపుతాడు తీసుకుని నల్లిగాణ్ని కొట్టాడు. వాడు పారిపోలేదు. దెబ్బ పడినప్పుడల్లా నేల మీద ఒదుగుతూ, తోక ఊపుతూ నా వైపే చూశాడు. పని బాగా చేశాను కదా, మరి ఇదేమిటి అని అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు. నేను ఇంటి కప్పు వైపు చూశాను.

"ఇన్నేండ్లు లేంది దీనికి గిప్పుడేం పుట్టింది?" అన్నాడు నాయన.

అత్త పసుపు అదిమిన చేతిని ఒళ్లో పెట్టుకుని నా ముఖం చూసింది. నేను చెబుతానేమోనని కాసేపు ఆగినట్టుంది. నేను చెప్పలేదు. "దాన్ని కొట్టకు తమ్మీ. కొట్లాటల చెయ్యి పెట్టింది నేను. చేట అడ్డం పెట్టాల్సింది" అంది.

దవాఖానాలో అత్తకు బొడ్డు చుట్టూ సూదులు మొదలుపెట్టారు. అప్పట్లో కుక్క కరిస్తే అదే వైద్యం. కుక్కను కట్టేసి కొన్నాళ్లు కనిపెట్టి చూడమని కూడా చెప్పారు. మా నాయన కొట్టంలో గుంజకు కట్టేశాడు. "పిచ్చి లేదని తేలినా సరే, ఆకు లారీ వచ్చిందంటే ఎక్కించి గోదారి అవతల ఇడిసిపెడ్త. మనిషిని కరిసిన దాన్ని ఇంట్ల ఉంచ" అన్నాడు. గోదావరి దాటించిన కుక్క వాసన పట్టి తిరిగి రాలేదని మా వైపు నమ్మకం. అవతల ఏ ఊరి కుక్కలు వాణ్ని చీల్చేస్తాయో అని నాకు అన్నం దిగలేదు. అయినా నిజం చెప్పలేదు. ఊళ్లో అందరూ నన్ను మాటకారి అనేవాళ్లు.

అత్త సూది వేయించుకుని బస్సు దిగి వచ్చి ఒక పక్కకు ఒత్తిగిల్లి పడుకునేది. నేను చెంబుతో నీళ్లు తీసుకుపోయేవాణ్ని. "నా కడుపు మీద జిల్లా మ్యాపు గీస్తున్నరు అల్లుడా. ఇయ్యాల బూర్గంపాడు దాకా వచ్చిండ్రు" అనేది. ఇంతకు ముందైతే ఆ మాటకు దొర్లి దొర్లి నవ్వేవాణ్ని. ఆమె ముందు నిలబడలేక చెంబు అక్కడ పెట్టి బయటికి వచ్చేవాణ్ని.

ఒక సాయంత్రం ఆమే నన్ను కొట్టంలోకి తీసుకుపోయింది. నల్లిగాడు నన్ను చూసి తాడు తెగేలా తోక ఊపాడు.

"సూడు, నీ మీద ఎంత పావురమో, ఎంత ప్రేమనో" అంది అత్త. "అది పిల్లి మీద కోపంతోని దునకలేదు రా. నీ మాట ఇన్నది. మాట ఇన్నందుకు తన్నులు తిన్నది."

నేను ఏడ్చాను. ఆ మాటను మరిపిద్దాం అత్తా అన్నాను.

"మర్సిపోయేందుకు అదేమన్న నీ బడి పాఠమా? మాట గట్లనే ఉంటది. దానికి వేరే అర్థం నేర్పాలె. చెడగొట్టిన నోటితోనే నేర్పాలె."

ఆ రోజు నుంచి నా తిండి ముద్దలు నల్లిగాడివి అయ్యాయి. దూరంగా నిలబడి మెల్లగా ఉస్కో అనాలి. వాడు చెవులు నిక్కించి, దూకబోయి, తాడు బిగిసి ఆగుతాడు. ఎటూ దూకనప్పుడు, అప్పుడే, ముద్దను కర్రతో వాడి ముందుకు జరపాలి. దగ్గరికి పోనిచ్చేది కాదు అత్త. పిల్లికి అటక మీద తిండి పెట్టేది. పిల్లి పడుకున్న గోనెసంచి తెచ్చి కుక్క కింద, కుక్కది తీసుకుపోయి అటక మీద పరిచేది. రెండింటి వాసనా కలిసి ఇంటి వాసన అయిపోవాలని ఆమె లెక్క. తర్వాత పిల్లి గిన్నెను అటక నుంచి గంప మీదకు, గంప మీద నుంచి గడప దాకా దించుతూ వచ్చింది. ఒకటి గుర్రుమంటే మళ్లీ గిన్నె వెనక్కి పోయేది. కోపగించుకునేది కాదు. చేతిలో ఎప్పుడూ చేట ఉండేది.

నల్లిగాడికి పిచ్చి లేదని తేలింది. లారీ కూడా వచ్చింది. మా నాయన గుంజ నుంచి తాడు విప్పి పట్టుకుని వాణ్ని వాకిట్లోకి నడిపించాడు. పిల్లి గడప మీద ఉంది. అత్త చేట పట్టుకుని నడుమ నిలబడి, "తమ్మీ, తోలకపోయే ముందల ఒక్కపాలి ఉస్కో అను" అంది.

"నీకు పొట్టల సూదులు చాలలేదా అక్కా?"

"అనరాదు. తాడు నీ చేతిలనే ఉన్నది గదా."

ఆయన అన్నాడు. నల్లిగాడు గిర్రున తిరిగాడు. పిల్లిని దాటి చూపు పోయింది. నా ముందుకు వచ్చి, కూర్చుని, నోరు తెరిచి నా చేతుల వైపు చూశాడు.

మా నాయన కుక్కను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ మాటకు ముద్ద పెట్టి నేర్పింది ఎవరో, అంతకు ముందు ఉసిగొల్పింది ఎవరో ఆ చూపులోనే ఆయనకు తెలిసిపోయింది. ఆ తాడు నా వీపు మీద పడితే బాగుండేది. ఆయన దాన్ని చుట్ట చుట్టి దూలానికి తగిలించాడు. లారీ ఊరు దాటిపోయే దాకా దాని వైపే చూశాడు. ఆఖరికి, "ఇగ పందుల మీదికి ఎవడు ఉరుకుతడు?" అన్నాడు.

"ఉన్నడు గదా నా అల్లుడు. నోరున్నది, కాళ్లున్నయి" అంది అత్త.

ఆ ఏడు మక్క కంకి పట్టినప్పుడు మంచె మీద నుంచి నాయన ఉస్కో అంటే రేకు డబ్బా వాయించుకుంటూ ఉరికింది నేనే. ఆ మాట చెవిన పడగానే నల్లిగాడు ముద్ద కోసం నా వెంట ఉరికేవాడు. కోతుల వెంట నేను, నా వెంట కుక్క. కోతులకు తేడా తెలియదు కాబట్టి పారిపోయేవి. గట్టు మీద నా పాత జనం చేరి, పందిరి కింద నవ్వినట్టే నవ్వారు. నవ్వేవాళ్ల ముందు ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అత్త పోయి చాలా కాలమైంది. ఆఖరి రోజుల్లో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు అరచేతిలో ఆ మచ్చ నా వేలికి తగిలేది. ఒక్కసారీ దాని ఊసు ఎత్తలేదు ఆమె. నేనూ ఎత్తలేదు. నాకు ధైర్యం చాలలేదు.

ఇప్పటికీ మా ఇంట్లో కుక్కను అన్నానికి పిలిచే మాట ఉస్కో. కొత్త చుట్టాలు అది విని కాళ్లు ఎత్తి కుర్చీలో పెట్టుకుంటారు. కుక్క తోక ఊపుకుంటూ పళ్లెం దగ్గరికి పోతుంది. మా మనవరాలు ఈ మధ్య పిల్లికూనను తెచ్చింది. దానికీ కుక్కకూ గోనెసంచులు మార్చింది నేనే.

టీ హోటల్లో ఇద్దరు మాటా మాటా అనుకుంటున్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు చూస్తారు, ఒక్క చురక వేస్తే రక్తి కడుతుందని. చురక నాలుక చివర సిద్ధంగానే ఉంటుంది, ఆ జబ్బు పోలేదు. కానీ అనబోయేసరికి, దెబ్బలు తింటూ నా వైపు చూసిన ఆ రెండు కళ్లు అడ్డం వస్తాయి. టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంటాను. చేట లేనివాడికి అదే చేట.