గాలి చూసే మనిషి

రెండువేల ఐదో, ఆరో. న్యూజిలాండ్‌లో, జాన్సన్‌విల్ నుంచి వెల్లింగ్టన్ వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న కివీ పెద్దాయన, ఉన్ని మేజోడులోంచి రైఫిల్‌కి బిగించే స్కోపు తీసి తుడవడం మొదలుపెట్టాడు. నేను చూడటం గమనించి నవ్వాడు.

"టార్గెట్ షూటింగ్‌కి, మేట్. కొత్త రైఫిల్ కొనే స్తోమత లేదు. పాత సెమీ ఆటోమేటిక్ ఒకటి తీసుకుని, ఒక్కో పార్టూ మార్చుకుంటూ వస్తున్నా. ఈ స్కోపుకి చిన్న రిపేరుంది, సాయంత్రానికి ఇచ్చేస్తారట."

ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, అంత దూరం గురిపెట్టడం కష్టమేమో అన్నాను.

"దూరం కాదు, గాలితోనే కష్టం. అందుకే రోజూ మా కిటికీ దగ్గర ప్రాక్టీస్ చేస్తా. ఎదురుకొండ మీద, వాటర్ ట్యాంకు కిందింట్లో పొడుగాటి పసుపు గుడ్డ ఆరేస్తారు. ఐదారు మీటర్లుంటుంది. అది ఎగిరే తీరు చూస్తే గాలి ఎంతో తెలిసిపోతుంది."

వాటర్ ట్యాంకు కింద ఉన్నది మా ఇల్లే.

"స్కోపు రైఫిల్‌కి బిగించే చూస్తారా?"

"మరి? ఖాళీదేలే, కంగారుపడకు," అని నా భుజం తట్టాడు. "ఆ గుడ్డ ఆరేసే ఆవిడ మహా జాగ్రత్త మనిషి. ఎనిమిది క్లిప్పులు పెడుతుంది."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పసుపు చీర తీగ మీద ఎగురుతోంది. క్లిప్పులు లెక్కపెట్టాను. ఎనిమిది.

"రేపట్నుంచి బట్టలు లోపల ఆరేద్దాం," అన్నాను మా ఆవిడతో.

"ఇంత గాలి ఉండగా లోపలెందుకండీ?" అంటూ ఆమె ఒక్కొక్క క్లిప్పూ తీయసాగింది.

నేను వెళ్లి ఆమెకీ ఎదురుకొండకీ మధ్య నిలబడ్డాను.