గొంగళి కింద నీలి నిప్పు

1946, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. మదనపల్లెలో మా మోటారు షెడ్డు అప్పటికి నా చేతిలో ఉండేది. మా ఆయన పటాలంలో లారీలు బాగుచేసే పనికి వెళ్లి, యుద్ధం ముగిసినా ఇంకా ఇల్లు చేరలేదు. మద్రాసులో ఫిజిక్సు చదివి, అప్పట్లో దానికీ ఇచ్చే బి.ఏ. పట్టా పొందానన్న ధైర్యం ఒక్కటే పెట్టుబడిగా షెడ్డు మూయకుండా నడిపాను. మా మామగారి కాలం నాటి మేస్త్రీ దస్తగిరి సాయిబు నాకు కుడిచెయ్యి. కారణం నేను వెతికేదాన్ని, స్పానరు ఆయన పట్టేవాడు. ఒక్కోసారి అటుది ఇటయ్యేది.

ఒక ఉదయం పుంగనూరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు కబురు తెచ్చాడు.

"కుప్పం మునిరత్నం కారు పుంగనూర్లో నిలబడిపోయిందమ్మా. పెండ్లాన్ని ఆస్పత్రికి తెస్తాండాడు. మిమ్మల్ని కాళ్లు పట్టుకోనైనా తోడుకోని రమ్మన్నాడు."

మునిరత్నం కుప్పంలో బాడుగ కారు నడిపేవాడు. కిందటేడు అతని భార్య కాంతమ్మకు నొప్పులు వచ్చినప్పుడు ఆ కారే బైరెడ్డిపల్లె దగ్గర ఎత్తు ఎక్కలేక నిలిచిపోయింది. ఎద్దులబండి మీద ఆస్పత్రి చేరేలోగా బిడ్డ దక్కలేదు. ఈసారి ముందుగానే వచ్చి చేరమని, బస్సు కుదుపులు మాత్రం వద్దని మదనపల్లె డాక్టరమ్మ చెప్పింది. అందుకని అతను బెంగుళూరులో ఇంజను హెడ్డు అరగదీయించుకొని వచ్చాడు. హెడ్డంటే సిలిండర్ల పైనుండే మూత. దాన్ని కాస్త అరగదీస్తే లోపలి పెట్రోలు ఆవిరి మరింత గట్టిగా నొక్కుకుంటుంది. దాన్నే కంప్రెషన్ అంటారు. కంప్రెషన్ పెరిగితే బండికి బలం పెరుగుతుంది. బెంగుళూరు నుంచి వచ్చేటప్పుడు కారు గుర్రంలా పరుగెత్తిందని అతను అందరికీ చెప్పుకున్నాడట.

ఆ రోజు నా రెండేళ్ల బిడ్డకు ఒళ్లు వెచ్చగా ఉంది. గడప దగ్గర నిలబడిపోయాను. మా అత్తగారు బిడ్డను నా చంకలోంచి తీసుకుంది.

"దీనికి నేనుండాను. ఆ పిల్లకు ఆడ ఎవరుండారు? పో."

కొత్త ప్లగ్గులు తీసుకొని దస్తగిరి, నేను తిరిగి పోయే అదే బస్సులో పుంగనూరు వెళ్లాం. మునిరత్నం మేనమామ ఇంటి ముందు కారు ఆగి ఉంది. లోపల చాప మీద కాంతమ్మ పక్కకు ఒరిగి పడుకొని ఉంది. నడుము నొప్పి మొదలైందంది. నన్ను చూసి ఒకే మాట అడిగింది: "కదుల్తాదా అక్కా, కారు?"

"కదిలిస్తాను," అన్నాను. వెంటనే కారు దగ్గరికి వచ్చాను.

ఇంజను తిప్పితే మిస్సింగ్ కొడుతోంది. అంటే నాలుగు సిలిండర్లూ వరసగా పేలాల్సింది, ఒకటి రెండు పేలకుండా తప్పిపోతున్నాయి. బండి దగ్గుతూ ఊగుతోంది. స్పార్క్ ప్లగ్గులు విప్పితే మొనలు మసిబారి ఉన్నాయి. ప్లగ్గు మొనలో చిన్న సందు ఉంటుంది. ఆ సందులో నిప్పురవ్వ దూకితేనే పెట్రోలు అంటుకునేది. కంప్రెషన్ పెరిగితే రవ్వ దూకడం కష్టమవుతుంది. అందుకని కొత్త ప్లగ్గుల సందు కొంచెం తగ్గించి బిగించాం. ఇంజను తీగ మీటినట్టు పలికింది.

"ఇప్పుడు సూడప్పా!" అని దస్తగిరి మీసం తిప్పి చేతులు కడుక్కోను పోయాడు. నేను లోపలికి వెళ్లి కాంతమ్మను లేవదీశాను. మునిరత్నం, అతని తల్లి గంగమ్మ మూటలు సర్దారు. అందరూ ఎక్కి వీధి చివరికి పోయామో లేదో, మళ్లీ అదే దగ్గు. మలుపు తిరిగేలోగా రెండుసార్లు ఆగింది. నలుగురు తోసి కారును ఇంటి ముందుకే తెచ్చారు.

కాంతమ్మ ఏడవలేదు. తలుపు రెక్క పట్టుకొని, "పోయినసారీ ఇట్లనే," అంది. అప్పటికి నొప్పులు దగ్గరపడుతున్నాయి.

"కాయిల్ పోయింటాది," అన్నాడు దస్తగిరి. ప్లగ్గులకు కరెంటు అందించేది కాయిలే.

"కాయిల్ పోతే మధ్యలో అంత చక్కగా ఎట్లా పలికింది?"

"అదీ నిజమే. కరెంటు యాడో కారిపోతాండాది. చీకటి పడితే కంటికి కనిపిస్తాది. మిట్టమధ్యాహ్నం యాడ సూసేది?"

చీకటి దాకా ఆగే పరిస్థితి కాదు. కాలేజీలో చీకటి గదిలో చేసిన ప్రయోగాలు గుర్తొచ్చాయి. "ఒక నల్ల గొంగళి ఇప్పించండి," అన్నాను.

గొంగళి వచ్చింది. తెరిచిన బానెట్ మీద దాన్ని కప్పి లోపల తల దూర్చాలి. రెండో మనిషి అంచు పట్టుకొని వెలుతురు రాకుండా చూడాలి. వీధంతా నిలబడి చూస్తూంటే ఒకే గొంగళి కింద నేనూ సాయిబూ దూరడం బాగుండదు. దస్తగిరే ముందు అన్నాడు: "అవ్వా, నువ్వు రా. మోటారు పని నేర్చుకుందువు."

"నీ నోట్లో మన్ను పడ! ఈ వయసులో నాకు మోటారు పని యాల?" అంటూనే గంగమ్మ నా పక్కన దూరింది. నా కొంగు నడుముకు చుట్టి, ఫ్యాను వైపు చెయ్యి పోనీకుండా ఆమె మణికట్టు పట్టుకున్నాను. మునిరత్నం యాక్సిలరేటరు తొక్కాడు.

మూడు ప్లగ్గుల తెల్లటి పింగాణీ మీద, బయటి వైపున, సన్నటి నీలి నిప్పు పాములా పాకింది.

"అమ్మో! అమ్మవారు మెరస్తాండాది!" అని గంగమ్మ దండం పెట్టబోయింది.

గొంగళి తీసి చూశాను. ఆ పింగాణీ మీద ఇంకా తడి ఆరని పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే బొట్టు పెట్టడం మనకు అలవాటు. మేము అటు తిరగ్గానే గంగమ్మ కొత్త ప్లగ్గులకు బొట్లు పెట్టింది. నాలుగోది ఇంజను వెనకాల రేకుగోడ దగ్గర ఉండి చెయ్యి అందక తప్పించుకుంది. పాత ప్లగ్గులకూ ఏటా పెడుతూ వచ్చేది; ఈసారి కుప్పంలో బయలుదేరే ముందు కూడా అట్లాగే పెట్టింది. విప్పినప్పుడు అవి మా చేతుల్లోనే ఉన్నాయి. బొట్టు లేని కారు ఎవరూ చూసి ఉండరు కనుక ఆ బొట్టు మా కంటికి ఆనలేదు. కుంకుమలో సున్నం ఉంటుంది. తడి పసుపుతో కలిస్తే కరెంటుకు దారి ఇస్తుంది. పాత ఇంజనులో రవ్వ లోపలే సులువుగా దూకేది కాబట్టి ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. కంప్రెషన్ పెరిగాక లోపల కష్టమై, బయట పసుపు దారి పట్టింది.

చెప్పడం ఎట్లాగో తెలియలేదు. కానీ గంగమ్మకు అర్థమైపోయింది. 

"నా చేత్తోనేనా అమ్మా? పోయినసారి కూడా నేనేనా?"

"కాదవ్వా. పోయినసారి బండికి బలం లేదు. ఇప్పుడు పసుపు తప్పు కాదు, పెట్టిన చోటు తప్పు."

ఆమె తన కొంగుతోనే ఒక్కో ప్లగ్గునూ తుడిచింది. దస్తగిరి పెట్రోలు గుడ్డతో మళ్లీ తుడుస్తూ, "అవ్వా, ఈసారి దీపానికి పెట్టు. అది ఎంత పూసినా అలగదు," అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వి, కారు ముందు దీపం అంచున చిన్న బొట్టు పెట్టింది.

మదనపల్లె దారిలో ఎత్తు వచ్చింది. నేను ఇంజను శబ్దమే వింటున్నాను. నా భుజం మీద కాంతమ్మ గోళ్లు దిగుతున్నాయి. ఒక్క దగ్గు కూడా లేకుండా కారు ఎత్తు ఎక్కేసింది. పైకి చేరాక మునిరత్నం స్టీరింగు వదలకుండానే భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. గంగమ్మ నా చేతులు పట్టుకుంటే ఆమె వేళ్ల పసుపు, నా చేతుల గ్రీసు కలిసిపోయాయి. ఇంటికి వచ్చేసరికి నా బిడ్డకు జ్వరం దిగి ఆడుకుంటోంది. కాంతమ్మదీ నాదీ, ఇద్దరు తల్లుల భయం ఆ రోజుకు తీరింది.

ఆ తర్వాత ఎన్నో బండ్లు చూశాను. ఒక భాగం మార్చిన తర్వాత మిస్సింగ్ వస్తే అందరూ ఆ కొత్త భాగాన్నే అనుమానిస్తారు. నేను పాతవాటిని కూడా చూస్తాను. నిన్నటిదాకా హాని చేయనిది ఇంజను మారాక కూడా హాని చేయదనుకోవడం పొరపాటు. రోజూ కంటి ముందుండేది పగటి వెలుతురులో కనిపించదు. అందుకే మా షెడ్డులో ఒక నల్ల గొంగళి ఎప్పుడూ మడిచి ఉంటుంది.