నా దగ్గర దాచిన కబురు

మొన్న మా అమ్మాయిని ఏడో నెల పరీక్షకని మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోతే, నిద్ర పట్టడం లేదనీ, ఊరికే గుండె దడ వస్తోందనీ అది చెప్పుకున్నందుకు, కౌన్సెలింగ్ గదిలోకి దాన్ని ఒక్కదాన్నే పిలిచి తలుపేశారు. లోపల అంతసేపు ఏమడుగుతున్నారో, నా బిడ్డకు పిచ్చని తేల్చేస్తారేమోనని, నేను బయట బెంచీ మీద కూర్చుని ఆ తలుపు వంకే గుర్రుగా చూస్తూ ఉండిపోయాను. అనుమానం నాకు కొత్త కాదు లెండి, ఈ పిల్ల నా కడుపులో ఉన్నప్పుడు నేను అనుమానించని మనిషి లేదు.

అప్పట్లో మేము పుంగనూరులో ఉండేవాళ్ళం. మా ఆయనది పట్టుగూళ్ళ వ్యాపారం. అమ్మ చిన్నప్పుడే పోవడంతో నాకు అమ్మయినా తోడయినా కుప్పంలో ఇచ్చిన మా అక్కే. తానూ అప్పుడు నాకంటే మూడు నెలలు ముందుగా కడుపుతో ఉండేది. తరచూ పక్కింటి ఫోనుకు చేసి, కాళ్ళ వాపుల గురించీ, పులుపు మీదికి పోయే మనసు గురించీ నాతో నవ్వుతూ చెప్పుకునేది.

నాకు మదనపల్లెలో స్కానింగు తీయించి తీసుకొచ్చిన కొద్ది రోజులకే ఇంటి తీరు మారిపోయింది. నేను వంటింట్లోకి అడుగుపెడితే చాలు, అత్తమ్మా మా ఆయనా మాట మింగేసి, ఉన్నట్టుండి ఉల్లిపాయల ధర ఎత్తుకునేవాళ్ళు. ఒకరోజు గూళ్ళ బేరమని తల్లీకొడుకులు పొద్దున్నే పోయి, సాయంత్రం తిరిగొచ్చి, గడప తొక్కకుండా పెరట్లోనే తలకు పోసుకున్నారు. బేరానికి పోయినవాళ్ళకు తలస్నానం దేనికి? స్కానింగులో బిడ్డకేదో లోపం కనబడిందనీ, నాకు తెలియకుండా ఎక్కడో శాంతి చేయించి వచ్చారనీ తేల్చుకున్నాను. అక్క ఫోను ఆగిపోయేసరికి, తనకూ సంగతి తెలిసి, నాతో అబద్ధమాడలేక చేయడం లేదనుకున్నాను. అడిగితే అత్తమ్మది ఒకటే మాట: "మీ అక్కకు ఇంకా నొప్పులు రాలేదంటమ్మా. నువ్వు యాల ఊరికే దిగులు పెట్టుకుంటాండావు? తిను."

తినలేకపోయాను. ఆమె పెట్టిన సంగటిలో ఏం కలిపిందోనని విరిచి విరిచి చూసేదాన్ని. లోపల బిడ్డ కాసేపు కదలకపోతే నా పని అయిపోయిందనుకుని చెమటలు పట్టేవి. గాలి సోకిందని ఎవరో అంటే తాయెత్తు కట్టించారు. బిడ్డ బాగుంటే తాయెత్తు ఎందుకని ఇంకా బెదిరిపోయాను.

తర్వాతి పరీక్షలో బరువు తగ్గానని చూసి, మదనపల్లె డాక్టరమ్మ అత్తమ్మను బయట కూర్చోమంది. ఇదీ వీళ్ళ నాటకమేనని నేను నోరు విప్పలేదు. ఆమె తొందరపెట్టలేదు. "దేనికి భయపడతాండావో నాకు చెప్పమ్మా. తప్పనను, నవ్వను" అంది. ఏడుపు తన్నుకొచ్చి అంతా కక్కేశాను. బిడ్డ బాగుందని ఆమె ఎంత చెప్పినా నేను నమ్మకపోయేసరికి, అత్తమ్మను పిలిచి, దాస్తున్నదేదో అక్కడే చెప్పమంది.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాళ్ళక్కకు బిడ్డ దక్కలేదమ్మా, పురిట్లోనే పోయినాది. కడుపుతో ఉండేదానికి ఆ మాట ఎట్ల చెప్పేది?"

మా ఇళ్ళలో అదొక కట్టడి, కడుపుతో ఉన్నదాని చెవిన చావు కబురు పడకూడదు. ఆరోజు గూళ్ళ బేరమని వాళ్ళు పోయింది కుప్పానికే, ఆ పసిగుడ్డును మట్టిలో పెట్టి రావడానికే. అక్క కోసం గుక్కపట్టి ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను. భయం ఒక్కసారిగా ఏమీ పోలేదు. కాన్పు దాకా డాక్టరమ్మ వారం వారం రమ్మని, నా చేత మాట్లాడించేది. లోపల ఏమడిగిందని అత్తమ్మ బస్సులో గుచ్చి గుచ్చి అడిగేది.

బిడ్డ పోయిన మనిషి కడుపుతో ఉన్నదాని కంటపడరాదని అక్కను రానివ్వలేదు, నన్ను పోనివ్వలేదు. చివరికి పాపను ఎత్తుకుని కుప్పం పోతే, అక్క దాన్ని ఒళ్ళోకి తీసుకుని, నా తల నిమిరి, "నీకేమీ చెప్పకుండిరంట కదా, బాగా భయపడినావా?" అంది.

ఇప్పుడు మనసు సంగతి అడగడానికి ఒక గదీ, దానికొక మనిషీ ఉన్నారు, సంతోషమే. ఆ కాలంలో నన్ను అడగడానికైనా డాక్టరమ్మ ఉంది, అక్క ఉంది. వట్టి చేతులతో ఇంటికొచ్చిన మా అక్కను మాత్రం, నీకెట్లుందని అడిగిన మనిషి ఒక్కరూ లేరు.