పెద్దింట్లమ్మ బోణీ

కోడూరు దిగువన ఆ రేవులో పెద్దింట్లమ్మ నోరు విప్పందే చేప కదిలేది కాదు. వేలం పాడటం ఆమె పని. పడవ ఒడ్డుకు రాగానే మొదటి ధర ఆమె నోటి నుంచే రావాలి. ఆ బోణీ తప్పితే మర్నాడు వల ఖాళీగా వస్తుందని అందరి నమ్మకం. వెర్రి నమ్మకమే, కాదనను. కానీ దాని మీదే ఆమె ఇన్నేళ్లూ దర్జాగా బతికింది.

కాల్చిన చుట్టలు ఊరుకుంటాయా? నాలుక అంచున పుండు లేచింది, క్యాన్సరన్నారు. బందరులో డాక్టరమ్మ ఒక పల్చటి పట్టీ చూపించింది. ఇంకా పరీక్షలో ఉన్న మందట.

"ఇందులో మందు కంటికి ఆనని నలుసుల్లో ఉంటుందమ్మా, నానో అంటారు. పుండు మీద అంటిస్తే లోపలికి ఇంకి, జబ్బున్న చోటే మెల్లగా పనిచేస్తుంది. పొద్దున్నే పెట్టుకోండి. కరిగేదాకా నోరు మెదపకండి. ఇది పట్టిందంటే నాలుక కొయ్యక్కర్లేదు."

పెద్దింట్లమ్మ చుట్ట మానేసింది. పట్టీ అంటించుకుని రేవుకెళ్లి కూర్చుంది. పడవ దిగిన నాగబాబు గంప ఆమె ముందే పెట్టాడు.

"నువ్వు పాడకపోతే మా గతేం కాను పెద్దమ్మా?"

అంతే, పక్కకి తిరిగి గోటితో పట్టీ ఊడదీసింది. ధర పాడి మళ్లీ అంటించుకుంది. తడిసిన పట్టీ అంటుకుంటుందా? రోజూ ఇదే తంతు. మొగుడు ఏడుకొండలు కోప్పడితే, "ఒక్క మాటే కదయ్యా" అనేది. మొండిఘటం! డాక్టరమ్మ అడిగితే మాత్రం, "ఉంచుకుంటున్నానండీ" అని తలూపేది.

పుండు తగ్గలేదు, పెరిగింది. చివరికి నాలుక తీసేశారు. అయ్యో, ఎలాంటి గొంతు!

కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ దిగులుగా కూర్చుంది. "మిగతావాళ్లకి బాగానే పట్టిందమ్మా. మీకెందుకు పట్టలేదో తెలియడం లేదు."

పెద్దింట్లమ్మ చెప్పమన్నట్టు మొగుడి చెయ్యి తట్టింది. ఏడుకొండలు తలవంచుకున్నాడు.

"పొద్దున్నే పడవలొస్తాయండి. బోణీ పాడాలని ఊడదీసేసేదండి."

డాక్టరమ్మ పెద్దింట్లమ్మ వైపు తిరిగింది.

"ముందే చెప్పుంటే పడుకునే ముందు పెట్టుకోమనేదాన్ని కదమ్మా. ఎప్పుడైనా ఒకటే. ఏదో అలవాటుగా పొద్దున్నే అన్నాను."

పెద్దింట్లమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. గొంతు వచ్చింది గానీ మాట రాలేదు. ఏమడిగిందో ఏడుకొండలుకి కూడా తెలియలేదు.