గట్టిపడని జెల్లీ

సర్వీసులో ఉన్నంతకాలం నేను సైన్సు పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నాకు ఇంకో పని అప్పగించారు. ఎవరైనా వింత పని తలపెడితే కొలవడానికి నన్ను పిలిచేవారు. ఆత్రేయపురం వైపు ఒకావిడ ఎనిమిది గజాల పూతరేకు చుట్టినప్పుడు టేపు పట్టింది నేనే. సఖినేటిపల్లి రేవులో ఒకాయన పళ్ళతో కొబ్బరికాయలు వలిచినప్పుడు గడియారం చూసింది నేనే. మేష్టారు కొలిచేరంటే ఇంక తిరుగులేదండి అనేవారు. ఆ మాటలు కూడా డైరీలో రాసుకునేవాణ్ణి. నలభై ఏళ్ళకు పైగా రాస్తున్న నా డైరీలో ఒక్క అబద్ధం కూడా లేదని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

రాజోలు దగ్గర ఏటిగట్టు పక్కన రిసార్టు కట్టినతను నా దగ్గర చదువుకున్నవాడే. క్రిస్మస్ సెలవుల్లో చిన్నపిల్లల స్విమ్మింగ్‌పూల్‌ను జెల్లీతో నింపి, పిల్లలు అందులో దూకుతుంటే వీడియో తీయాలని అతనికి బుద్ధి పుట్టింది. ఎముకలతో చేసే జెలటిన్ అంటే కొందరు ముట్టరని చైనాగ్రాస్ వాడదామన్నాడు. పెళ్ళి విందుల్లో పాలు పోసి కాచి, చల్లారాక ముక్కలు కోసి పెడతారే, సముద్రపు నాచు నుంచి తీసే ఆ తెల్లటి పోగులు. లెక్క నన్ను కట్టమన్నాడు.

వంటకు కాట్రేనికోన నుంచి ఒకావిడను పిలిచాడు. నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని చర్చి విందులకూ పెళ్ళిళ్ళకూ వండే మనిషి. ఈ పని బాగా జరిగితే కొత్త సంవత్సరం నుంచి రిసార్టు వంటిల్లు ఆవిడకే అప్పగిస్తానని నా ముందే మాట ఇచ్చాడు. గుండిగలు ఆటోలకెత్తుకుని ఊరూరా తిరిగే బాధ తప్పుతుందని ఆవిడ వెంటవచ్చిన వాళ్ళతో అంటుంటే విన్నాను. ఆవిడకు ఆ రోజు ఎంత ముఖ్యమో నాకు తెలియదని చెప్పడానికి లేదు.

కొలను పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. అడుగు లోతు నింపితే రెండు వేల ఏడు వందల లీటర్ల పైచిలుకు. లీటరుకు పది గ్రాముల చొప్పున ఇరవై ఏడు కేజీల చైనాగ్రాస్. ముందురోజు ఇంట్లో చిన్న గిన్నెతో కాచి చూశాను. చక్కగా గట్టిపడింది. "పరీక్ష జయప్రదం" అని డైరీలో రాశాను. నిమ్మ జెల్లీ కావాలని అతను ముందే చెప్పాడు. ఇంట్లో నిమ్మకాయలు లేకపోతే అవి లేకుండానే కాచాను. ఆ సంగతి రాయలేదు.

రొయ్యల చెరువుల్లో వేసే నల్ల షీటు కొలనులో పరిచారు. గట్టు మీద పొయ్యిలు వెలిగించారు. ఏ గుండిగలో ఎన్ని నీళ్ళు, ఎంత చైనాగ్రాస్, ఎంత పంచదార, ఎంత నిమ్మరసం, ఎంతసేపు మరగాలి, అన్నీ వరసగా కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఆవిడ దాన్ని కింద దాకా చదివి నా దగ్గరకు వచ్చింది.

"మేష్టారండి, నిమ్మరసం ఇప్పుడే వద్దండి. దింపేక వేద్దారి. మేవెప్పుడూ అలాగే వేస్తావండి."

మరిగితే క్రిములు చస్తాయని, పిల్లల నోట్లోకి పోయే వస్తువని చెప్పాను. ఆవిడ కదలకుండా నిలబడింది. అప్పుడు ఆ నలుగురూ వినేలా అన్నాను.

"వంట మీదమ్మా. సైన్సు నాది."

"ఆయ్" అంది. ఆ మాటను నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను. మా వైపు పెద్దవాళ్ళ ముందు ఆ మాట తప్ప ఇంకేమీ అనలేరని తెలిసి కూడా.

మర్నాడు ఉదయం వెళ్ళేసరికి కొలను నిండా గంజిలాంటి పచ్చటి నీళ్ళున్నాయి. ఈతబట్టలు వేసుకున్న పిల్లలు గట్టు మీద వరసగా నిలబడి ఉన్నారు. ఒక పాప వేలు ముంచి, అమ్మ వైపు చూసి, ఇది షరబత్ కదా అంది. తల్లులు నవ్వారు. వీడియో తీయడానికి ఫోను పట్టుకున్నతను దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

రిసార్టు అతను నావైపు తిరిగాడు.

"ఎక్కడ తేడా వచ్చిందండి మేష్టారూ?"

ఆవిడ ముందురోజు అన్న మాట నాకు వెంటనే గుర్తొచ్చింది. పులుపులో మరిగితే పట్టు పోతుందని ఆ క్షణంలోనే తట్టింది కూడా. పది అడుగుల దూరంలో ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ నన్నే చూస్తోంది.

"కొలతల్లో తేడా లేదయ్యా" అన్నాను.

అందులో అబద్ధం లేదు. అంతకంటే నీచమైన మాట నేను జీవితంలో ఆడలేదు. అతను ఇంకేమీ అడగకుండా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల దించుకుని గుండిగలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజు డైరీలో "వంటవారి అజాగ్రత్త వల్ల జెల్లీ గట్టిపడలేదు" అని రాశాను.

రెండు రోజుల తరవాత ఇంట్లో రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో నిమ్మరసం పోసి మరిగించాను. రెండోదాంట్లో దింపాక కలిపాను. మొదటిది నీళ్ళలాగే ఉండిపోయింది. మా ఆవిడ రెండూ చూసి, ఇది తెలియడానికి సైన్సెందుకండీ, నన్నడిగితే చెప్పేదాన్ని కదా అంది. ఏం జరిగిందో అంతా ఆమెకు చెప్పాను. ఆమె రెండు గిన్నెలూ కడిగి బోర్లించింది. తరవాత, వెళ్ళి చెప్పి రండి అంది.

వెంటనే వెళ్ళలేదు. పండగని, జలుబని మూడు వారాలు గడిపాను. వెళ్ళేసరికి రిసార్టు వంటిల్లు మండపేట నుంచి వచ్చిన వంటాయన చేతిలో ఉంది. తప్పు నాదేనని రిసార్టు అతనితో చెప్పాను. అతను నవ్వి కుర్చీ వేయించాడు.

"మీ మనసు నాకు తెలీదాండి. ఆవిడ మీద జాలితో మీ మీదేసుకుంటన్నారు."

ఎంత చెప్పినా నమ్మలేదు. ఇన్నేళ్ళు నేను పోగుచేసుకున్న పేరు ఆవిడకు అడ్డం పడింది.

అక్కణ్ణించి కాట్రేనికోన వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. లేచి మంచం వాల్చింది. రెండు గిన్నెల సంగతి, అతను నమ్మని సంగతి చెప్పాను. రెండు పెళ్ళిళ్ళవారు వద్దని కబురు పెట్టేరని ఆవిడ మామూలుగానే చెప్పింది. కావాలంటే కాగితం మీద రాసి సంతకం పెడతానన్నాను.

"కాగితం చూసినా మీ మంచితనవే అంటారండి. రండి, ఆయన ముందే కాద్దారి."

మర్నాడు ఇద్దరం రిసార్టు వంటింట్లో రెండు గిన్నెలు పెట్టాం. ఆవిడ చెప్పింది, నేను చేశాను. గంట తరవాత ఆవిడ ఒక గిన్నె వంచింది. కదల్లేదు. రెండోది వంచితే వంటగట్టంతా పారింది. రిసార్టు అతను ముందు దాన్ని, తరవాత నన్ను చూశాడు. పదో తరగతిలో నేను అతన్ని ఎన్నోసార్లు చూసిన చూపు అది. వంటిల్లు ఏడాదికి మాట్లాడేసేనని, వచ్చే ఏడాది చూద్దామని ఆవిడతో అన్నాడు.

"ఆయ్" అంది ఆవిడ.

తిరుగు దారిలో ఆటోలో ఆమ్లం గురించి, అది నాచులోని పదార్థాన్ని ఎలా విరగ్గొడుతుందో దాని గురించి ఆవిడకు వివరించాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. వాళ్ళ వీధి మలుపులో గిన్నెలు తీసుకుని దిగింది. వస్తానండి మేష్టారూ అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి పాత పేజీలో ఆ వాక్యం కొట్టేసి, పక్కన జరిగింది జరిగినట్టు రాశాను. కాట్రేనికోనలో ఆవిడతో అన్న మాటలు, రిసార్టులో అన్నవి, ఆటోలో అన్నవి, అన్నీ వరసగా రాసుకుంటూ పోయాను. రాయడం పూర్తయ్యాక మొదటి నుంచి చదివాను. కారణం చెప్పాను, రుజువు చూపించాను, పాఠం కూడా చెప్పాను. క్షమించమ్మా అన్న మాట ఎక్కడా లేదు.