పదిహేడో ప్రశ్న

ఆఫీసులో అందరూ ఆమెను ప్రశ్నలక్క అనేవారు. కంప్యూటరు, ఫోను వాడి పాఠం చెప్పడం టీచర్లకు ఎంతవరకు వచ్చో కొలిచే ప్రశ్నపత్రాలు అక్కడ తయారయ్యేవి. అవి కొలవాల్సినదాన్నే కొలుస్తున్నాయా లేదా అని తేల్చడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే. మనిషికి పరధ్యానం ఎక్కువ. రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు వేసుకొచ్చిన రోజులున్నాయి. ప్రశ్న ఎదుట కూర్చుంటే మాత్రం చెవులు రిక్కించేది.

ఆ వానాకాలం నలభై ప్రశ్నల పత్రంతో ఒక బడికి వెళ్లింది. మధ్యాహ్నం. కిటికీ అద్దాల మీద జారే నీళ్ల నీడలు స్టాఫ్‌రూమ్ గోడ మీద చేపపిల్లల్లా ఈదుతున్నాయి. పక్క గదిలో పిల్లలు వల్లించే ఎక్కాలు నీటి అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి.

ఎదురుగా లెక్కల టీచరమ్మ. ప్రతి ప్రశ్నా పైకి చదివి, మనసులో మాట చెబుతూ ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న గడుల్లో టిక్కు పెట్టాలి. పదిహేడోది: ‘డిజిటల్ వనరులను నేను సమర్థంగా వినియోగించగలను.’ టీచరమ్మ రెండు దగ్గర పెట్టింది.

“రెండేనా అండీ?”

“అదీ ఎక్కువేనమ్మా. సమర్థంగా అనగానే మా చెల్లెలు గుర్తొచ్చింది. ప్రోగ్రాములు రాస్తుందది. దాని ముందు నేనెంత?”

“మరి క్లాసులో ఏం చేస్తుంటారు?”

“పెద్దగా ఏం లేదు. ఒక పాపకి చూపు ఆనదు. దానికోసం పాఠాలన్నీ రికార్డు చేసి పెడుతున్నా.”

ఫోను నొక్కింది. నెమ్మదైన గొంతు: “ఇప్పుడు నువ్వు వృత్తం మధ్యలో నిలబడ్డావనుకో. ఎటు నడిచినా అంచు ఒకే దూరం...” ప్రశ్నలక్క కళ్లు మూసుకుంది. వాన, ఎక్కాలు, గోడ మీది చేపలు అన్నీ దూరంగా జరిగి ఆమె చుట్టూ గుండ్రంగా నిలిచాయి. “అయిపోయిందమ్మా” అనేదాకా కళ్లు తెరవలేదు.

అదే బడిలో సైన్సు మాస్టారు పొద్దున అన్నిటికీ ఐదే పెట్టాడు. ఎందుకంటే, “ఇక్కడ నాకన్నా తెలిసినోళ్లు ఎవరున్నారండీ?” అన్నాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. వంకర ప్రశ్నలోనే ఉంది.

ప్రశ్నలు మార్చాలంటే ఆఫీసులో డైరెక్టరు ఒప్పుకోలేదు. “అదే టీచర్లను రెండు వారాల తర్వాత అడిగినా అవే జవాబులొచ్చాయి కదమ్మా! ఇంకేం కావాలి?”

“తక్కెడ ముల్లు ఎప్పుడూ ఒకచోటే ఆగుతోంది సార్. తూస్తున్నది ఉప్పో పప్పో తెలియట్లేదు. మనం పనితనం అడిగితే వాళ్లు వినయం చెబుతున్నారు.”

ఆయన బుర్ర గోక్కుని నెల రోజులు గడువిచ్చాడు.

‘గత నెలలో ఒక్క విద్యార్థి కోసమైనా పాఠాన్ని మార్చి తయారుచేశారా? ఎలా?’ పదిహేడోది ఇలా మారింది. పదిహేను ప్రశ్నలు కొట్టేసింది. పన్నెండు బడులు తిరిగి, క్లాసుల్లో వెనక బెంచీ మీద కూర్చుని, కళ్లతో చూసినదాన్ని కాగితం మీది జవాబులతో పోల్చింది. అన్నీ కలవలేదు కానీ, మునుపటికన్నా చాలా దగ్గరకొచ్చాయి.

కొత్త పత్రంలో వచ్చిన మార్కులు చూసి లెక్కల టీచరమ్మను తోటి టీచర్లకు రెండు రోజులు శిక్షణ ఇమ్మన్నారు. ఆమె కంగారుగా ఫోన్ చేసింది.

“నాకేం వచ్చని పిలిచారమ్మా?”

“మీరు రాసినవాటినే నేను కూడి మార్కులేశానండీ,” అంది ప్రశ్నలక్క.

అవతల టీచరమ్మ తను రికార్డు చేసిన పాఠాలు ఒక్కోటీ పైకే లెక్కపెట్టుకుంది. తర్వాత, “అయితే చెప్పడానికి రెండు రోజులు సరిపోవేమో,” అంది.