రాజవ్వ అనని మాట

ఒక మాటను ఏళ్ల తరబడి మోస్తున్నాను. అది నేను రాసిన మాట. వేరే మనిషి నోట్లో పెట్టిన మాట. ఆ మనిషి బతికి ఉండగా దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరు నాకు ఏమీ కారు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం రాయను. ధైర్యం అంతవరకే ఉంది.

సినిమాలకు మాటలు రాద్దామని కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. కృష్ణానగర్‌లో గది తీసుకుని ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చివరికి దొరికింది డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసే పని, అదీ తెరమీద నా పేరు పడకుండా. వేరే భాషలో కదిలే పెదాలకు తెలుగు అతికించాలి. తెరమీద మనిషి పెదాలు మూసినచోట మా, పా, బా లాంటి అక్షరం పడాలి. పడిందా, చూసేవాడు నమ్మేస్తాడు. ఆ విద్యలో నేను గట్టివాణ్ణే. గొప్పకు చెప్పడం లేదు, తర్వాత జరిగిన పాపమంతా ఆ విద్యతోనే జరిగింది.

తొంభైల మొదట్లో జూబ్లీహిల్స్‌లో ఒక బంగ్లాలో నడిచే స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఊళ్లలో జనం తమ అడవిని తామే కాపాడుకునేలా సంఘాలు పెట్టించడం ఆ సంస్థ పని. అప్పటికి చాలా దేశాల్లో ఇలాంటి పని మొదలైంది. ఆ పని చేసేవాళ్లంతా కలిసి ఒక కూటమి కట్టుకున్నారు. ఒకరి అనుభవం ఇంకొకరికి చెప్పుకునేవాళ్లు, ఒకరి ఊళ్లు ఇంకొకరు చూసి వెళ్లేవాళ్లు. మా సంస్థకు అందులో చేరాలని ఆశ. అందుకు ఒక వీడియో సినిమా కావాలి. అడవి నియమాలు ఊరివాళ్లే పెట్టుకున్నారని అందులో కనిపించాలి. అది తీసే పని నాకు అప్పగించారు.

మేము ఎంచుకున్న ఊళ్లో అడవి సంఘానికి పెద్ద రాజవ్వ. నోరు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా పచ్చి కొమ్మ నరికితే వీధిలో నిలబెట్టి తిట్టేది. కెమెరా అంటే మాత్రం మహా సరదా. షూటింగ్ రోజు పెట్టెలోని చీర తీసి కట్టుకుని, కొంగు సరిగ్గా ఉందో లేదో చూడమని చెల్లెలు ఎల్లవ్వను పదేపదే పిలిచింది. ఎల్లవ్వ ఇంటికి మేకలే ఆధారం.

చిక్కు అక్కడే వచ్చింది. కొండమీదికి మేకలు అసలు రాకూడదన్న నియమం ఊరు పెట్టుకున్నది కాదు. మా బంగ్లాలో తయారైంది. రాజవ్వ కెమెరాలోకి సూటిగా చూస్తూ అంది.

"అడివిని కాపాడుతం, గదైతే మంచిదే. మేకలను మొత్తానికే బంద్ జేస్తే ఎట్ల? కొండ ఒక దిక్కు ఇడిచిపెట్టాలె. మా చెల్లె మేకల మీదనే బతుకుతది."

ఆ ముక్క కత్తిరిస్తే సరిపోయేది. ఎందుకు కత్తిరించలేదు? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో ఈ ప్రశ్న. చెల్లెలి పేరెత్తగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత మంచి షాట్ పారేయడానికి నాకు మనసు రాలేదు. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో కూర్చుని, మధ్య మాటలు తీసేసి, మేకలు కొండెక్కితే ఏం చేయాలో చెబుతున్నట్టు ఆ పెదాలకు వేరే మాట రాశాను. "మా చెల్లె మేకల మందైనా బందెలదొడ్డికే పోతది." పెదాలు మూసిన ప్రతిచోటా అక్షరం వచ్చి కూర్చుంది. గొంతు ఇచ్చిన అమ్మాయిది కూడా తెలంగాణే. రాజవ్వ మాట్లాడింది టేపులో విని, మధ్యలో వచ్చే పొడిదగ్గుతో సహా దించేసింది. థియేటర్‌లో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నా రాతకు ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు.

కూటమివాళ్లు ఆ సినిమాను కింద పడే ఇంగ్లీషు అనువాదంతో చూసి కదిలిపోయారు. సొంత చెల్లెలి కన్నా అడవే ఎక్కువనుకున్న పల్లెటూరి స్త్రీ అని మెచ్చుకున్నారు. మా సంస్థను చేర్చుకున్నారు. సినిమాను ఊళ్లలోనూ చూపించమన్నారు. మావాళ్లు జీపులో టీవీ, వీసీఆర్ వేసుకుని వెళ్లి రాజవ్వ ఊళ్లోనే బడి ముందు వేశారు. నేను వెళ్లలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఎల్లవ్వ మేకలు కొండెక్కితే ఊరివాళ్లు పట్టుకుని, జరిమానా కడితే గానీ విడవని బందెలదొడ్డికి తోలారు. ఎవరి కాళ్లు పట్టుకున్నా ఒకటే జవాబు, మీ అక్కే చెప్పింది కదా అని. నేను అనలేదని రాజవ్వ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఎవరు నమ్ముతారు? ముఖం ఆమెది, దగ్గు ఆమెది.

అక్కచెల్లెళ్లిద్దరూ బస్సెక్కి జూబ్లీహిల్స్ వచ్చారు. ఎల్లవ్వకు రావడం ఇష్టం లేదని, రాజవ్వే బలవంతాన తీసుకొచ్చిందని చూడగానే తెలిసింది. ఆ సమయంలో కూటమి ప్రతినిధులు లోపల గదిలో టీ తాగుతున్నారు. వాళ్లిద్దరినీ వరండాలోనే ఆపాను.

"సారూ, జర మా చెల్లెకు చెప్పుండ్రి," అంది రాజవ్వ. "గా మాట నేను అనలే. నేనేమన్ననో మీకెరుకే గద."

ఎల్లవ్వ నా వంక చూసింది. నమ్మడానికి ఆమె సిద్ధంగా ఉంది. నేను అవునంటే చాలు, అక్కను పట్టుకుని అక్కడే ఏడ్చేసేది. అది నాకు స్పష్టంగా కనిపించింది.

"నువ్వే అన్నావు కదమ్మా," అన్నాను. "కెమెరా ముందు కంగారులో అనేసి మర్చిపోయావేమో."

"నేనా సారూ? నేను అన్ననా?"

"అనకపోతే ఎలా వినపడుతుంది?"

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. లోపలివాళ్లకు తెలుగు ముక్క రాదు. వాళ్లు టీ తాగి లేచేలోపు నేను నిజం చెప్పి ఆ ఇద్దరినీ పంపించేయవచ్చు. అసలు సంగతి వేరే ఉంది, అది రాయడానికే ఇంతసేపూ తంటాలు పడుతున్నాను. అంత నోరున్న మనిషి తన మాట మీద తనకే అనుమానం వచ్చి తడబడుతుంటే, నా రాత అంత బాగా కుదిరిందే అని నాకు సంతోషం కలిగింది. అవును, సంతోషమే. కాసేపు దాన్ని అనుభవించాను కూడా.

ఎల్లవ్వ అక్క చెయ్యి విదిలించుకుని గేటు దాటి వెళ్లిపోయింది. రాజవ్వ మెట్ల మీద కూలబడింది. నేను నీళ్లు కూడా ఇవ్వలేదు. కాసేపటికి లేచి, "ఏమో, అన్ననేమో" అని గొణుక్కుంటూ నడిచింది.

కొన్నేళ్లకు మా వీధి చివర కొత్త బంగ్లా కోసం బండలు పగలగొడుతున్నారు. ఆ కూలీల్లో ఎల్లవ్వ కనిపించింది. మేకలు అమ్ముకుని ఊరు విడిచి వచ్చారట. నన్ను గుర్తుపట్టింది. మీ అక్క ఎలా ఉందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"సచ్చిపోయింది సారూ. మట్టియ్యనీకి గూడ నేను పోలే. నా నోట్ల మన్ను గొట్టినదాని కాడికి ఏం బోత?"

అప్పుడైనా చెప్పాలి కదా. నోరు తెరిచాను. "ఎండ ఎక్కువగా ఉంది, నీడకు కూర్చో" అని ఇంటికి వచ్చేశాను. అన్నం తిన్నాను. నిద్ర కూడా పట్టింది.

ఆ కొండ పచ్చబడింది, నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని కూడా చాలాకాలం బతికాను. కూటమిలోకి దేశం తర్వాత దేశం వచ్చి చేరింది. కొత్తగా వచ్చినవాళ్లకు మొదట ఆ సినిమానే చూపించేవాళ్లు. ఒకసారి పరాయి దేశంలో ఒక హాల్లో నేనూ కూర్చుని చూశాను. బందెలదొడ్డి మాట దగ్గర నా పక్కన కూర్చున్న ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆవిడ చూస్తోందని నేనూ తుడుచుకున్నాను.

ఎల్లవ్వ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. వెతకలేదు. వెతికితే దొరుకుతుందని భయం. మిమ్మల్ని క్షమాపణ అడగడం లేదు, అది మీరు ఇవ్వగలిగేది కాదు.

రాజవ్వ ఆ మాట అనలేదు. నేను రాశాను. ఆమె చెల్లెలి మేకల కోసం కొండ ఒక పక్క విడిచిపెట్టమని అడిగింది, అడుగుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇది రాశాక నాకు ఊపిరి ఆడుతోంది. చెప్పాల్సిన మనిషికి చెప్పకుండా మీకు చెప్పుకుని ఊపిరి పీల్చుకుంటున్నాను.